మా చిన్నాయన 'బాగుంది' అన్న రోజు

మా చిన్నాయన పోయాడని పిన్నమ్మ ఫోన్ చేసి చెప్పింది. "మీ చిన్నాయన పోయినారమ్మా. పొద్దున సంగటి తిని, చెయ్యి కూడా కడుక్కోకుండా అట్లనే గోడకు ఒరిగినారు. వీలైతే రండి" అంది. అప్పుడు నేను బంగారుపాళ్యం దగ్గర పండ్ల గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో ఉన్నాను. చలికాలం, మామిడి లేదు, బల్ల మీద జామకాయలున్నాయి. కోసిన కాయ కోసినట్టే వదిలేసి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. చావు కబురు కన్నా ముందు ఆ 'రండి' అన్న మాట తగిలింది నాకు. పుట్టినప్పటి నుంచీ పిన్నమ్మ నన్ను 'రామే' అనే, అంటే మా పక్క 'రావే' అనే పిలిచింది. ఆ ఇంట్లో నేను 'రండి' అయిపోయి ఎనిమిది నెలలైంది. తప్పు వాళ్ళది కాదు, నాది. అదేమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మధ్యాహ్నానికల్లా ఫోను నిండా నివాళులు వచ్చి పడ్డాయి. లెజెండ్ అన్నారు. గిటారు గంధర్వుడు అన్నారు. ఒక మహానుభావుడైతే 'సీమ రాక్ సంగీత పితామహుడు' అని రాసి చేతులు జోడించిన బొమ్మలు ఏడు పెట్టాడు. ఆ మహానుభావుణ్ణి నేనెరుగుదును. మా బ్యాండు ప్రదర్శనకు మూడుసార్లు వచ్చి, చిన్నాయన గిటారు అందుకున్న ప్రతిసారీ కాఫీకి లేచి వెళ్ళినవాడు. బతికుండగా ఆ మనిషి పేరేమిటని కూడా అడగని జనం, పోయాక పీట వేసి కూర్చోబెట్టారు. పొగడ్త చదువుకుందామని ఈ పేజీ తెరిచిన వాళ్ళెవరైనా ఉంటే ఇక్కడితో ఆగిపోండి. ఆయనకు పొగడ్త పడదు. నాకు చేతకాదు.

ఉన్నమాట చెప్పుకోవాలంటే మా చిన్నాయన గొప్ప గిటారిస్టేమీ కాదు. మా నాయనకు తమ్ముడు, తిరుపతిలో పుట్టి బంగారుపాళ్యానికి ఇల్లరికం పోయినవాడు. పిన్నమ్మ తోట, పిన్నమ్మ ఇల్లు, పిన్నమ్మ పెట్టిన తిండి. ఈయన చేసిందల్లా ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో మూల నిలబడి గిటారు వాయించడం. ముహూర్తం దాటాక భోజనాల హడావుడిలో ఎవరూ వినని పాటలు వాయించడం. తరవాత రోజులు మారాయి. గిటారు, డోలక్కు, వయొలిను అన్నీ ఒక డబ్బాలో ముందే రికార్డు చేసి పెట్టుకుని, మీట నొక్కి పైన పాడేసే కాలం వచ్చింది. ఆర్కెస్ట్రావాళ్ళు చిన్నాయనను ఇంటికి పంపేశారు. "డబ్బాకి సంగటి పెట్టే పని లేదు కదా, అందుకని" అనేవాడు దాని గురించి.

కుర్రతనంలో ఎక్కడో దొరికిన పాత ఇంగ్లీషు రాక్ క్యాసెట్లు కొన్ని ఆయన దగ్గర ఉండేవి. అందులో పాడేవాళ్ళెవరో, ఏమంటున్నారో ఆయనకు ఒక్క ముక్క తెలియదు. తెలుసుకోవాలని కూడా ఉండేది కాదు. "మాటలు తెలిస్తే ఆయప్ప అబద్ధం చెప్తా ఉండాడేమో అని అనుమానమొస్తాది. గిటారు తావ ఆ బాధ లేదు" అనేవాడు. వేలు నొప్పి పుట్టేదాకా ఆ వరసలు వెనక్కి తిప్పి తిప్పి నేర్చుకున్నాడు. గిటారు మీటే బిళ్ళలు కొనేవాడు కాదు, నూనె డబ్బా మూత కత్తిరించి చేసుకునేవాడు. తీగ పాతబడిందో లేదో వాసన చూసి చెప్పేవాడు. గిటారుకు ముక్కు ఆనించి వాసన చూసే మనిషిని మీరెక్కడైనా చూశారా? మేం చూసి చూసి నవ్వడం మానేశాం.

ఇక మా బ్యాండు గురించి. ముగ్గురం సంసారపక్షంగా ఉండక రాక్ బ్యాండు పెట్టాం. పాడటానికి నేను. బేసు గిటారుకు ప్రణీత్, తిరుపతిలో ఇంట్లో కూర్చునే బెంగుళూరు కంపెనీకి పని చేసేవాడు. డ్రమ్ములకు గజేంద్ర, నగరిలో మరమగ్గాల ఇంటి పిల్లవాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఎవరి పాటలో పాడం, మావి మేమే కట్టుకుంటాం అని ప్రతిజ్ఞ. పాతకాలపు రాక్ గిటారూ, ఇప్పటి ఆల్టర్నేటివ్ మోతా కలిపి కొత్త శబ్దం పుట్టిస్తామని ప్రణీత్ అందరికీ చెప్పేవాడు. పాతకాలపు గిటారు మాలో ఎవరికీ రాదు. వచ్చిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని నాకు గుర్తొచ్చింది. సాధన చేసుకోవడానికి తోటలో షెడ్డు కూడా ఆయన దగ్గరే ఉంది. మేం ఆయన్ను చేర్చుకున్నది గౌరవంతో అని ఎవరైనా రాస్తే నమ్మకండి. షెడ్డు కోసం చేర్చుకున్నాం.

బ్యాండుకు తోతాపురి అని మామిడికాయ పేరు పెట్టాడు ప్రణీత్. మట్టి వాసన ఉంటుందని. చిన్నాయన ఆ పేరు విని కాసేపు నోరు తెరిచి చూశాడు. "దాన్ని మన పక్కన బెంగళూరా అంటారప్పా. ఎప్పుడన్నా చెట్టెక్కినావా? ఎక్కి కోసినోడెవుడూ దాన్ని తోతాపురి అనడు, ఫ్యాక్టరీ కాయితంలోనే ఆ పేరుండేది" అన్నాడు. ప్రణీత్ మొహం మాడిపోయింది. పేరు మాత్రం అదే ఉంది. ఫ్యాక్టరీ కాయితం పేరు మాకు సరిగ్గా సరిపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ప్రతి ఆదివారం పొద్దున షెడ్డులో చేరేవాళ్ళం. పిన్నమ్మ ముందు రాగి సంగటి, చెనక్కాయ ఊరిబిండి పెట్టేది. తినకుండా గిటారు ముట్టుకోనిచ్చేవాడు కాదు ఆయన. తిన్నాక తిట్లు మొదలయ్యేవి. గజేంద్రను తిట్టేవాడు, మీ ఇంట్లో మగ్గం నీ కంటే నయం, తాళం తప్పితే ఆగిపోయేదానికి సిగ్గన్నా ఉండాది అని. ప్రణీత్ కాలి కింద వరసగా పరుచుకున్న పెడళ్ళను చూసి, ఇదేందప్పా చెప్పుల అంగడి అనేవాడు. నా గొంతు మీద పెట్టిన ప్రతిధ్వనిని మీట తిప్పి తీసేసేవాడు. "మొగానికి పౌడరు కొట్టినట్టు కొడ్తా ఉండావు దాన్ని. నీ గొంతు నల్లగుంటే నల్లగానే పాడు మే. ఎవుత్తి గొంతో అద్దెకు తెచ్చుకోని పాడ్తావెందుకు?"

ఈ తిట్లలోంచే మా పాటలు వచ్చాయి. ప్రణీత్ పొగమంచులాగా ఏదో శబ్దం పరిస్తే, చిన్నాయన దాని మీద బండరాయి వేసినట్టు నాలుగు స్వరాలు వేసేవాడు. ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు. ఆ కొట్లాట వినడానికి బాగుండేది. పాతదీ కొత్తదీ కలిపిన శైలి అని తరవాత ఎవరో రాశారు. కలపడం ఏమీ లేదు, ఒకరినొకరు ఓర్చుకోకపోవడమే మా శైలి.

ఆయన నోటి నుంచి 'బాగుంది' అన్న మాట మేమెప్పుడూ వినలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. ఇన్నేళ్ళలో ఒక్కటైనా బాగా రాలేదా చిన్నాయనా అని. గిటారు తుడుచుకుంటూ అన్నాడు. "పెండ్లిలో నేను వాయించి దిగినాక పెండ్లోళ్ళు వచ్చి శానా బాగుంది అంటా ఉండ్రి. అంటే ఏమి? ఇంగ నువ్వు ఇంటికి పో అని. నేను బాగుంది అన్నానంటే నిన్ను ఇంటికి పొమ్మన్నట్టే మే. తిట్టేదాకా నీతో పనుండాది." అప్పుడు నవ్వాను. అప్పుడు నవ్వడం తేలిక.

మా పాటల్లో నలుగురు విన్నది ఒక్కటే. అది పుట్టిన తీరు చెప్పాలి. ఒక ఏడు మామిడి విరగకాసి, మా ఫ్యాక్టరీ ముందు కాయల ట్రాక్టర్లు మైలు పొడుగున నిలిచిపోయాయి. ఆ వరసలో చిన్నాయన ట్రాక్టరు కూడా ఉంది. నా ఉద్యోగం ఏమిటంటే, ప్రతి బండిలోంచీ నాలుగు కాయలు తీసి కోసి, తీపి కొలిచి, తీసుకోమనో తోసెయ్యమనో చీటీ రాయడం. రెండో రోజు పొద్దున కత్తి పట్టుకుని వరస వెంట పోతుంటే గిటారు వినిపించింది. చిన్నాయన ట్రాక్టరు ఇంజను మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని వాయిస్తున్నాడు. ముందు బండ్లవాళ్ళూ వెనక బండ్లవాళ్ళూ చుట్టూ చేరి ఉన్నారు. నన్ను చూసి ఆపకుండానే అన్నాడు. "రామే, కోయి. కత్తి శ్రుతి తప్పనీకు."

ఆయన కాయ పరీక్షకు నిలిచింది. వెనక మూడు బండ్లు నేను తోసేశాను. నియమం నియమమే. ఆ సాయంత్రం ఇంటికి పోయి, ఆయన వాయించిన వరస గుర్తు తెచ్చుకుని, 'ఎవరు తోసినారే నిన్ను, ఎండలో నిలిచిన కాయా' అని పాట రాశాను. రాస్తూ ఏడ్చాను కూడా. తోసేసిన చెయ్యే రాస్తోందన్న సంగతి ఆ ఏడుపులో నాకు కనబడలేదు. పాట వీడియో పెడితే జనం విరగబడి చూశారు. రైతు గుండె అన్నారు. సీమ గొంతు అన్నారు. మర్నాడు యథాప్రకారం కత్తి తీసుకుని గేటు దగ్గరికి పోయాను.

గత ఏడు మే నెలలో బెంగుళూరు నుంచి ఇద్దరు వస్తున్నామన్నారు. అక్కడ పెద్ద సంగీత సభకు బ్యాండ్లను ఎంచేవాళ్ళు. తిరుపతిలో ఒక కల్యాణ మండపం మేడ మీద హాలు తీసుకుని, వాళ్ళ ముందు వాయించాలని ప్రణీత్ ఏర్పాటు చేశాడు. తారీఖు వాళ్ళకు వీలైన తారీఖు. అది గంగమ్మ జాతర వారంలో బండ వేషం రోజు. తిరుపతివాళ్ళమై ఉండీ మేం క్యాలెండరు చూసుకోలేదు. చూశాక కూడా మార్చమని అడగలేదు.

జాతర సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆ వారం రోజూ ఒక వేషం. మొక్కుకున్నవాళ్ళు ఆ వేషం కట్టి వీధుల్లో తిరుగుతారు. వేషంలో ఉన్నవాడు ఎదురొచ్చిన ఎవరినైనా నోటికొచ్చినట్టు తిట్టవచ్చు. బూతులు కూడా. తిట్టించుకున్నవాడు కోప్పడకూడదు. అది అమ్మవారు తిట్టినట్టు లెక్క, ఆ ఏడాది పీడ ఆ తిట్టుతో పోయినట్టు లెక్క. మా చిన్నప్పుడు వేషగాళ్ళు తిట్టకుండా దాటిపోతే మా నాయన వెంటబడి మరీ తిట్టించుకుని వచ్చేవాడు. పిన్నమ్మకు జబ్బు చేసి తగ్గిన ఏడాది నుంచి చిన్నాయన ప్రతి ఏడూ బండ వేషం కట్టేవాడు. ఒక్కపొద్దు ఉండి, ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా నడిచేవాడు.

"ఆ పొద్దు నేను రాను. అమ్మ పని ఉండాది" అన్నాడు ప్రదర్శన గురించి చెప్పగానే. ప్రణీత్ బతిమాలలేదు. పోనీలే అన్నాడు. సాధనలో రికార్డు చేసిన చిన్నాయన గిటారును ల్యాప్‌టాపులో పెట్టుకున్నాడు. మీట నొక్కితే వస్తుంది. నాకు ఆర్కెస్ట్రా డబ్బా గుర్తు రాలేదా అంటే వచ్చింది. వచ్చినా నోరు మూసుకున్నాను. వేదిక వెనక పెద్ద బ్యానరు కట్టాం. దాని మీద ఎర్రగా కుంకుమ పూసుకున్న జాతర వేషం మొహం. మట్టి వాసన కోసం.

సాయంత్రం ఐదింటికి హాలు నిండింది. ముందు వరసలో బెంగుళూరువాళ్ళు. మూడో పాటగా 'ఎవరు తోసినారే' అందుకున్నాం. ప్రణీత్ మీట నొక్కాడు, చిన్నాయన గిటారు పెట్టెలోంచి మోగింది. సరిగ్గా అప్పుడు మెట్ల మీద డప్పులు వినిపించాయి. తలుపు తోసుకుని పదిమంది వచ్చారు. ముందు ఒక ఎర్రటి మనిషి, చేతిలో వేపమండ. తన గిటారు తనకే వినబడుతుంటే ఒక్క క్షణం ఆగి, పెట్టెను చూశాడు. తరవాత నా ముందుకొచ్చి మొదలుపెట్టాడు. బూతులు వదిలేసి మిగిలింది రాస్తాను.

"ఏమ్మే దరిద్రపుదానా, పొద్దున తోసేసేదీ నువ్వే, మాపటికి ఎవురు తోసినారని ఏడ్సేదీ నువ్వేనా? నీ గొంతు యాడ తాకట్టు పెట్టొచ్చినావే? పీనుగ నీ మొగానికి పాటొకటా!"

జాతరలో పెరిగినదాన్ని. తల వంచి నిలబడాల్సినదాన్ని. ఆయన నా నుదుట పెట్టడానికి కుంకుమ చెయ్యి చాచాడు. నేను వెనక్కి జరిగాను. ముందు వరసలో ఆ ఇద్దరూ చూస్తున్నారు. ఆ తిట్టులో అబద్ధం లేదని నాకు తెలుసు, అందుకే అది నలుగురిలో పడటం భరించలేకపోయాను. నేను తప్పుకోవడంతో ఆ చెయ్యి పోయి నా పక్కనున్న స్పీకరు నల్లగుడ్డ మీద పడింది. నేను మైకులో, శుభ్రమైన పుస్తకాల తెలుగులో అన్నాను. "ఎవరో తాగి వచ్చినట్టున్నారు. దయచేసి ఆయన్ని బయటికి తీసుకెళ్ళండి."

ఎవరో అన్నాను. మా చిన్నాయనను. పొద్దుటి నుంచి మంచినీళ్ళతో ఉన్న మనిషిని తాగివచ్చాడన్నాను. మండపం మనుషులు ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. ఆయన పెనుగులాడలేదు. గజేంద్ర డ్రమ్ముల వెనక నుంచి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. బ్యానరు మీది ఎర్ర మొహం మా వెనక ఉంది, అసలు ఎర్ర మొహాన్ని మెట్లు దింపేశారు. మేం పాట పూర్తి చేశాం. ఆయన గిటారు కూడా పూర్తి చేసింది, పెట్టెలోంచి.

అంతా అయ్యాక బెంగుళూరు ఆయన వచ్చి, ఆ ఎర్ర మనిషి అద్భుతం, అతను మీ ప్రదర్శనలో భాగమేనా అని అడిగాడు. ప్రణీత్ రెప్ప వెయ్యకుండా అవునన్నాడు. నేను పక్కనే ఉన్నాను, కాదనలేదు. బెంగుళూరు సభకు ఎంపికయ్యాం, ఎర్ర మనిషితో సహా రావాలని. ఇంతకన్నా నీచపు మనుషుల గురించి ఎక్కడైనా చదివి ఉంటే నాకు రాసి పంపండి. ప్రణీత్ సిగ్గు లేకుండా చిన్నాయనకు ఫోన్ చేసి వేషం కట్టుకుని బెంగుళూరు రమ్మన్నాడు. "శానా బాగుందబ్బా ఆలోచన. మీరు పోయి రండి" అన్నాడట. ఆయన రాకపోయేసరికి వాళ్ళు మమ్మల్నీ వద్దన్నారు.

ఆ వారం తరవాతి ఆదివారం నేనొక్కదాన్నే షెడ్డుకు పోయాను. తిడతాడని పోయాను. వేషం లేకుండానే తిడతాడు, నాలుగు పీకినా పీకుతాడు, అంతటితో తీరిపోతుంది అనుకున్నాను. క్షమించమని అడగాలన్న బుద్ధి పుట్టలేదు. తిట్టించుకుంటే చాలనుకున్నాను, అంత తేలిగ్గా. చిన్నాయన లేచి కుర్చీ జరిపాడు. "రండమ్మా, కూర్చోండి" అన్నాడు. పిన్నమ్మ గాజు గ్లాసులో నీళ్ళు తెచ్చింది. సంగటి పెట్టలేదు. నాకేం చెయ్యాలో తోచక గిటారు తీసుకుని పాడటం మొదలుపెట్టాను, కావాలనే తాళం తప్పి పాడాను, గొంతు అరువు తెచ్చుకుని పాడాను. ఆయన చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు.

"బాగుంది. బాగా పాడినారమ్మా" అన్నాడు.

ఇంటికి పొమ్మన్నాడని నాకు అర్థమైంది. ఆ తరవాత ఎనిమిది నెలల్లో అయిదారుసార్లు పోయాను. పోయిన ప్రతిసారీ కుర్చీ, నీళ్ళు, బాగుంది. ఒక్క మాట, నువ్వెవరో నాకు తెలుసు చిన్నాయనా, నేను తప్పు చేశాను అన్న ఒక్క మాట నా నోట రాలేదు. వేదిక మీద 'ఎవరో' అనడానికి మాత్రం చక్కగా వచ్చింది ఆ నోరు. ఆయన మీద కూడా నాకు కోపమే. ఇంత మొండితనం ఉంటుందా మనిషికి! ఊరందరినీ ఉచితంగా తిట్టినవాడు సొంత అన్న కూతురికి ఒక్క తిట్టు దాచిపెట్టుకుని పోయాడు.

చావుకు పోయాను. పిన్నమ్మ నన్ను చూసి, "వచ్చినారా, నీడన కూర్చోండమ్మా" అంది. చిన్నాయన ఎడమ చేతి వేళ్ళ కొసలు గిటారు తీగలకు కాయలు కాచి గట్టిపడి ఉన్నాయి. అందరూ కాళ్ళకు దండం పెడుతున్నారు. నేను ఆ వేళ్ళు పట్టుకుని చూశాను. కడుక్కోని చేతికి ఎవరో నీళ్ళు పోసి కడిగారు.

పదకొండు రోజులు పోయాక ప్రణీత్ తిరుపతిలో సంస్మరణ సభ పెట్టాడు. పూలదండ, దీపం, తెర మీద ఫోటోలు. మట్టి మనిషి అని ఒకరు, మార్గదర్శి అని ఒకరు. గిటారు మాత్రం పెట్టెలోంచి మోగుతూనే ఉంది. నన్ను మాట్లాడమన్నారు. జరిగినదంతా చెప్పాను. ఎవరో తాగి వచ్చాడని మైకులో అన్నది నేనేనని, అన్నది మా చిన్నాయననేనని చెప్పాను. ఎవరైనా లేచి చెప్పు విసురుతారనుకున్నాను. చప్పట్లు కొట్టారు! ఎంత నిజాయితీ అన్నారు. ఒకావిడ కౌగిలించుకుని, బాగా మాట్లాడారండీ అంది. ఏం చెప్పినా బాగుందనే జనం మధ్య బతకడం ఎంత శిక్షో నాకు ఆ రోజు తెలిసింది.

మొన్న ఆదివారం పిన్నమ్మ ఫోన్ చేసింది. "షెడ్డులో మీ సామాన్లు ఉండాయి. తీసుకోని పోండమ్మా, షెడ్డు కావాల మాకు." నేనూ గజేంద్రా పోయాం. ప్రణీత్‌కు చెప్పలేదు. మూలన గోనెపట్టా కప్పి ఏదో ఉంది. గజేంద్ర పట్టా తీశాడు. ఆ రోజు మండపంలో పెట్టిన స్పీకరు, తరవాత మిగతా సామాన్లతో పాటు షెడ్డుకు చేరినది. నల్లగుడ్డ మీద ఐదువేళ్ళ కుంకుమ చెయ్యి అట్లాగే ఉంది. చిన్నాయన దాన్ని తుడవలేదు, ఎవరినీ తుడవనివ్వలేదు, దుమ్ము పడకుండా కప్పి పెట్టాడు. నా నుదుట పడాల్సిన చెయ్యి.

"పని చేస్తా ఉండాదో లేదో సూస్తాం అక్కా" అన్నాడు గజేంద్ర. వైర్లు తగిలించాం. వాడు డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. ప్రతిధ్వని మీట నేనే సున్నాకు తిప్పేశాను. ఆ పాటే ఎత్తుకున్నాను. మొదటి మాట దగ్గరే ఆపేశాను. మళ్ళీ ఎత్తుకున్నాను. ఈసారి నోటికి వేరే మాట వచ్చింది. 'నేనే తోసినా నిన్ను, ఎండలో నిలిచిన కాయా. నేనే తోసినా.' నల్లటి గొంతు, బొంగురు గొంతు, చిత్తూరు గొంతు. నాదే.

గుమ్మంలో పిన్నమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. పాట ఆపేశాను. బాగుందమ్మా అంటుందని భయపడ్డాను. చచ్చేంత భయపడ్డాను.

"సిగ్గుండాదామే నీకు?" అంది పిన్నమ్మ. "ఒక్కపొద్దుండి నీ తావకి వస్తే తాగినోడంటివే. ఎవురో అంటివే. నువ్వొచ్చి ఒక్క మాట అంటావని ఎనిమిది నెలలు ఆ మనిషి ఆదివారం ఆదివారం గడ్డం గీక్కోని కూర్చుంటా ఉండె. ఒగ మాట! నోట్లో మన్ను కొట్టుకోనుంటివా? ఇప్పుడొచ్చి స్పీకరుకు చెప్తా ఉండావా, పాపిష్టిదానా?"

నేను తల వంచి నిలబడ్డాను. ఎనిమిది నెలలు మూటగట్టి పెట్టుకున్నదంతా తిట్టింది. రాయదగినవీ రాయకూడనివీ అన్నీ తిట్టింది. నా కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. చివరికి ఊపిరి తీసుకుని, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సంగటి పొయ్యి మీద ఉండాది. నిలబడినావేమే మానులాగ? పాడు. ఎట్ల ఏడుస్తావో ఏడువు, గొంతెత్తి పాడు" అంది.

గజేంద్ర కొట్టాడు. నేను పాడాను. దెబ్బ పడినప్పుడల్లా స్పీకరు నల్లగుడ్డ అదురుతోంది. అదిరినప్పుడల్లా ఆ ఐదువేళ్ళలోంచి చిటికెడు ఎర్రటి పొడి లేచి, నా పాదాల మీద పడుతూనే ఉంది.